చెరువు కట్ట మీద ఒక ఏడాది: మన ఊరి ప్రకృతిని ఫొటో తీయడం ఎలా

గుడ్డి కొంగను చూడని తెలుగువాళ్లు ఉండరు. చెరువు అంచున, వరి మడి గట్టున మెడ ముడుచుకుని, మట్టిలో మట్టిలా కూర్చుంటుంది. మనిషి బాగా దగ్గరికి వచ్చేదాకా కదలదు. ఇక తొక్కేస్తామేమో అనుకునేసరికి లేస్తుంది. లేచిన క్షణంలో ఆ మట్టి రంగు మాయమై తెల్లటి రెక్కలు విచ్చుకుంటాయి. ఒక పిట్ట పోయి ఇంకో పిట్ట వచ్చినట్టే ఉంటుంది. దాన్ని బెదరగొట్టకుండా, దానంతట అది లేచేటప్పుడు ఆ మార్పును ఫొటోలో పట్టడానికి నాకు రెండు చలికాలాలు పట్టింది. ఇబ్బంది లెన్సుతో రాలేదు. అది ఎప్పుడు లేస్తుందో, ఎటు లేస్తుందో నాకు తెలియదు, అంతే. గాలికి ఎదురుగా లేస్తుందనీ, లేచే ముందు ముడుచుకున్న మెడ కొంచెం సాగుతుందనీ తెలిశాక ఒక్క వారంలో ఫొటో దొరికింది.

నేను ఉద్యోగం చేసుకుంటూ, వారానికి రెండు మూడు పొద్దుటిపూటలు వరంగల్ వైపు ఒక మామూలు ఊరి చెరువు దగ్గర కెమెరాతో గడిపే మనిషిని. ఇన్నేళ్లలో నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఒకటే: పది చోట్లకు ఒక్కోసారి వెళ్లడం కంటే ఒక్క చోటికి వందసార్లు వెళితేనే మంచి ఫొటోలు వస్తాయి. ఆ వందసార్లు ఎలా వెళ్లాలి, వెళ్లి ఏం చేయాలి అన్నదే ఇక్కడ చెబుతున్నాను.

ముందు చోటు ఎంచుకోండి

ఇంటి నుంచి పావుగంటలో చేరగలిగే చోటు కావాలి. అంతకంటే దూరమైతే నాలుగో వారానికి మానేస్తాం. కొల్లేరు, పులికాట్, నేలపట్టు, పాకాల గొప్ప చోట్లే, ఏడాదికోసారి తప్పకుండా వెళ్లండి. కానీ ఫొటో తీయడం నేర్చుకునేది అక్కడ కాదు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చూడండి, అది ఒక ఊరి చెరువు. ఆ చెరువులోని చెట్ల మీదే ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు గూళ్లు పెట్టి పిల్లల్ని పెంచుతాయి. హైదరాబాద్ అంచున అపార్ట్‌మెంట్ల మధ్య ఉన్న అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. మన ఊళ్లో చెరువు ఉందంటే సగం పని అయినట్టే.

చెరువు దగ్గరికి వెళ్లాక మొదట చూడాల్సింది పిట్టల్ని కాదు, కట్ట ఏ దిక్కున ఉందో. కట్ట తూర్పున ఉంటే ఉదయం దాని మీద నిలబడి నీళ్ల వైపు చూసినప్పుడు సూర్యుడు మన వీపు వెనకాల ఉంటాడు. పిట్ట ముఖం మీద నేరుగా వెలుగు పడుతుంది. అలాంటి చెరువు పొద్దుటి చెరువు. కట్ట పడమర ఉంటే అది సాయంత్రం చెరువు. ఈ చిన్న సంగతి తెలియక మొదటి ఆరు నెలలు తప్పు పూట వెళ్లి నల్లటి బొమ్మలే తెచ్చుకున్నాను.

తర్వాత మూడు చోట్లు గుర్తు పెట్టుకోండి. శిఖం వైపు, అంటే నీళ్లు పలచబడి మట్టి తేలే అంచు: కాళ్లు పొడుగున్న పిట్టలన్నీ అక్కడే. తూము కింద కాలువ: లకుముకి పిట్ట కూర్చునే కొమ్మ ఎక్కడో అక్కడే ఉంటుంది. ఇక మత్తడి, అంటే నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే చోటు: మంచి వానల్లో మత్తడి దుంకేటప్పుడు చేపలు ఎదురీదుతాయి, వాటి కోసం తెల్ల కొంగలు వరస కట్టి నిలబడతాయి. అది ఏడాదిలో కొన్ని రోజుల పండగ. ఆ రోజుల్లో సెలవు పెట్టినా తప్పులేదు.

మొదటి నెల కెమెరా కంటే నోటుబుక్కే ముఖ్యం

ఈ మాట చాలామందికి నచ్చదని తెలుసు. అయినా చెబుతాను. మొదటి నాలుగు వారాలు కెమెరా సంచిలోనే ఉంచండి. ఒక చిన్న నోటుబుక్కులో తేదీ, టైం, గాలి ఎటు వీస్తోంది, నీళ్లు ఎక్కడి దాకా ఉన్నాయి, ఏ పిట్ట ఎక్కడ కూర్చుంది, ఎంతసేపు కూర్చుంది రాయండి. పిట్ట పేరు తెలియకపోతే రంగు, ముక్కు ఆకారం, తోక ఊపే తీరు రాస్తే చాలు. పేరు తర్వాత తెలుస్తుంది. నీటి మట్టానికి నేను తూము మెట్లను కొలతగా పెట్టుకున్నాను. "మూడో మెట్టు తేలింది" అని రాసుకున్న వారంలోనే బురద పిట్టలు దిగుతున్నాయని రెండో ఏడు తెలిసింది.

నెలల కంటే కార్తెలు రాసుకోవడం నాకు ఎక్కువ ఉపయోగపడింది. మృగశిర, ఆరుద్ర అని రాసుకుంటే వానకూ, పురుగుకూ, పిట్టకూ ఉన్న సంబంధం కంటికి కనిపిస్తుంది. రైతులు మాట్లాడేదీ ఆ లెక్కలోనే కాబట్టి వాళ్లతో మాట కలపడం తేలికవుతుంది.

మాట కలపాలి కూడా. చేపలు పట్టేవాళ్లు, గొర్లు కాసేవాళ్లు, గీత కార్మికులు ఆ చెరువును మన కంటే వందరెట్లు ఎక్కువ చూసినవాళ్లు. మొదటి వారంలో ఒక పెద్దాయన నన్ను చూసి, "పొద్దు పొడవకముందే రావాలె బిడ్డా, ఎండెక్కినంక ఈడ ఏముంటది" అన్నాడు. నేను అప్పటిదాకా ఎనిమిదింటికి వెళ్లేవాణ్ని. మర్నాటి నుంచి ఐదున్నరకే కట్ట మీద ఉన్నాను. ఫొటోగ్రఫీలో నాకు అంతకంటే పనికొచ్చిన సలహా ఎవరూ ఇవ్వలేదు.

సామాను

ఉన్నదానితో మొదలుపెట్టండి. సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ (లెన్సు మార్చుకోగలిగే కెమెరా), దూరంలోని పిట్టను దగ్గరగా చూపే 70-300 ఎం.ఎం. లెన్స్ ఉంటే మూడు నాలుగేళ్లకు సరిపడా పని ఉంటుంది. ఫోన్ మాత్రమే ఉంటే పురుగులు, పూలు, పొగమంచు, నీటిలో నీడలు తీయండి. పిట్టల కోసం ఫోన్ జూమ్‌తో కుస్తీ పట్టొద్దు.

కొనాల్సినవి కొన్నే. పాత జీన్స్ ప్యాంటు కాలు కత్తిరించి, రెండు వైపులా కుట్టి, లోపల శనగలు పోస్తే లెన్సుకు మంచి దిండు అవుతుంది. కట్ట రాళ్ల మీద పెట్టుకుంటే ట్రైపాడ్ అక్కర్లేదు. చెరువు తేమకు లెన్స్ లోపల ఫంగస్ పడుతుంది, వానాకాలంలో మరీనూ. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి అందులోనే కెమెరా దాచండి. తెల్ల చొక్కా వద్దు, మట్టి రంగో ఆకుపచ్చో వేసుకోండి.

భద్రత సంగతి తేలిగ్గా తీసుకోకండి. చీకట్లో వెళతాం కాబట్టి టార్చి, బూట్లు తప్పనిసరి. కట్ట రాళ్ల సందుల్లో పాములుంటాయి, కూర్చునే ముందు చుట్టూ చూడాలి. ఎండిన ఒండ్రు పైకి గట్టిగా కనిపించినా కింద మెత్తగా ఉంటుంది, ఒంటరిగా శిఖంలోకి దిగొద్దు. ఎక్కడికి వెళుతున్నారో ఇంట్లో చెప్పి వెళ్లండి.

కెమెరాలో ఏం పెట్టుకోవాలి

నేను మాన్యువల్ మోడ్ (సెట్టింగులు మనమే పెట్టుకునేది), ఆటో ఐఎస్ఓ వాడతాను, అంటే వెలుగును ఎంత సున్నితంగా పట్టాలో కెమెరాయే చూసుకుంటుంది. ఎపర్చర్, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం, ఎంత పెద్దగా తెరుచుకుంటే అంత, మామూలుగా ఎఫ్ 5.6. షట్టర్ స్పీడ్, అంటే వెలుగు లోపలికి పడే సమయం, పిట్టను బట్టి మారుస్తాను. కదలకుండా కూర్చున్న కొంగకు సెకనులో 500వ వంతు, ఎగిరేదానికి 2000వ వంతు. ఫోకస్ కంటిన్యూయస్‌లో (పిట్ట కదిలినా ఫోకస్ దాని వెంటే ఉంటుంది), ఒకే పాయింట్, ఎప్పుడూ పిట్ట కంటి మీద. కన్ను మసకైతే ఈకలు ఎంత స్పష్టంగా వచ్చినా ఆ ఫొటోలో ప్రాణం ఉండదు. ఫైళ్లు, తర్వాత సరిదిద్దుకోవడానికి వీలుండే రా ఫార్మాట్‌లో తీయండి.

మన చెరువుల దగ్గర ఎక్కువమంది తప్పు చేసేది వెలుగు లెక్కలో. కెమెరా ఎదురుగా ఉన్నదాన్నంతా సగటు చేసి చూస్తుంది. నల్లటి నీళ్ల ముందు తెల్ల కొంగ ఉంటే, నీళ్ల నలుపు చూసి వెలుగు పెంచేస్తుంది. కొంగ సున్నం కొట్టినట్టు అయిపోతుంది, ఒక్క ఈక కనిపించదు. అప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్కకట్టిన వెలుగును మనం తగ్గించే, పెంచే సెట్టింగు) మైనస్ 1కి దించాలి. మబ్బు ఆకాశం ముందు నీటికాకి ఉంటే కథ తిరగబడుతుంది, ప్లస్ 1కో అంతకంటే కొంచెం పైకో పెంచాలి. గుడ్డి కొంగతో నాకు వచ్చిన చిక్కు కూడా ఇదే. కూర్చున్నప్పటి మట్టి రంగుకు సరిపెట్టుకుంటే లేచాక రెక్కలు తెల్లగా పేలిపోయేవి. ఇప్పుడు కూర్చున్నప్పుడే కొంచెం నల్లగా వచ్చేలా పెట్టి, లేచేదాకా ఆగుతాను.

వేసవిలో తొమ్మిది దాటితే నీటి మీద వేడి గాలి అలలుగా లేస్తుంది. ఎంత ఖరీదైన లెన్స్ అయినా దూరంగా ఉన్న పిట్ట మసగ్గానే వస్తుంది. కెమెరా సర్దేసి ఇంటికి రండి.

దగ్గరికి వెళ్లకండి, దగ్గరికి రానివ్వండి

పిట్ట వైపు నడిస్తే ఎగిరిపోతుంది. అది రోజూ వచ్చే చోటికి దానికంటే ముందే వెళ్లి కూర్చుంటే తనే వస్తుంది. నోటుబుక్కు పని ఇక్కడ తెలుస్తుంది. కట్ట మీద నిలబడి కిందికి తీసిన ఫొటోలో పిట్ట చిన్నగా, వెనక అంతా బురదగా కనిపిస్తుంది. కట్ట వాలులో దిగి, దాని కంటి ఎత్తుకు కెమెరా దించితే వెనక ఉన్నదంతా దూరంగా జరిగి మెత్తబడుతుంది. మోచేతులకు మట్టి అంటుతుంది, అంటనివ్వండి.

చలికాలం తల మీద రెండు నల్ల చారలున్న బాతులు, హిమాలయాలు దాటి వచ్చే బార్ హెడెడ్ గూస్ గుంపులు మన చెరువుల్లో దిగుతాయి. అన్నీ ఒకేసారి లేస్తే ఫొటో బాగుంటుందని రాళ్లు వేసి లేపేవాళ్లను చూశాను. అంత దూరం ఎగిరి వచ్చిన పిట్ట ఒంట్లో కొవ్వు దాచుకునే రోజులవి. దయచేసి ఆ పని చేయకండి, చేసేవాళ్లను చూస్తే ఆపండి.

గిజిగాడు: వానాకాలమంతా ఒక్క చెట్టు

ఏడాదిలో ఒక్క విషయమే తీయగలను అంటే నేను గిజిగాడి గూళ్లే ఎంచుకుంటాను. నీళ్ల మీదికి వంగిన ఈత చెట్టో, పాడుబడ్డ బావి మీద తుమ్మ కొమ్మో చూసుకోండి. జూన్‌లో వానలు పడగానే మగపిట్టల తల పసుపు పచ్చగా మారుతుంది. అప్పటి నుంచి సెప్టెంబర్ దాకా అక్కడ పనే పని.

మొదట నార తేవడం చూడండి. ఈత ఆకు అంచున ముక్కుతో చిన్న గాటు పెట్టి, ఆ కొస పట్టుకుని ఎగురుతుంది. ఎగిరే వేగానికి ఆకు పొడుగునా సన్నటి పోగు చీలి దాని వెంట వస్తుంది. ఇది రెండు సెకన్ల పని. పిట్టను చూస్తూ ఉంటే దొరకదు. గాటు పెట్టిన ఆకు మీద ముందే ఫోకస్ చేసి ఉంచుకోవాలి. ఒకే ఆకు దగ్గరికి అది మళ్లీ మళ్లీ వస్తుంది.

పోగులతో ముందు ఒక కడియం అల్లుతుంది, తర్వాత దాని మీద గోపురంలా కప్పు. ఇక్కడ పని ఆపుతుంది. సగం కట్టిన గూడుకు తలకిందులుగా వేలాడి రెక్కలు టపటపలాడిస్తూ ఆడపిట్టల్ని పిలుస్తుంది. ఆడపిట్ట వస్తుంది, లోపలికి దూరి చూస్తుంది, నచ్చకపోతే వెళ్లిపోతుంది. నచ్చితేనే మగపిట్ట గుడ్ల గదినీ, కిందికి దిగే గొట్టాన్నీ పూర్తి చేస్తుంది. చెట్టుకు వేలాడే గూళ్లలో కొన్ని ఎందుకు సగంలో ఆగిపోయాయో ఇప్పుడు అర్థమవుతుంది. అవి ఎవరికీ నచ్చని గూళ్లు. నేను అన్నిటికంటే ఎక్కువ ఫొటోలు తీసింది వాటినే.

రెక్కలాడించే ఘట్టాన్ని రెండు రకాలుగా తీయండి. సెకనులో 1250వ వంతు పెడితే ప్రతి ఈకా ఆగుతుంది. 60వ వంతుకు దించితే రెక్కలు పసుపు పొగలా వచ్చి గూడు మాత్రం నిలబడుతుంది. ఇరవై తీస్తే ఒకటి కుదురుతుంది, కానీ గిజిగాడి తొందర అందులోనే కనిపిస్తుంది. వానాకాలం ఆకాశం తెల్ల కాగితంలా ఉంటుంది కాబట్టి గూడు వెనక ఆకాశం రాకుండా చూసుకోండి. నాలుగడుగులు పక్కకు జరిగితే వెనక వరి పొలం వస్తుంది, ఆ పచ్చదనం ముందు పసుపు తల వెలిగిపోతుంది.

కనీసం 20 మీటర్ల దూరం ఉండండి. గొట్టం పూర్తయిందంటే లోపల గుడ్లు ఉన్నట్టే, ఇక వెళ్లడం తగ్గించండి. అడ్డం వస్తోందని ఒక్క ఆకు కూడా విరవకండి, ఆ ఆకే కాకి కంటికి గూడును దాచి ఉంచొచ్చు.

సీజన్ అయిపోయాక చెట్టు కింద రాలిన గూడు కనిపిస్తే కూర్చుని దగ్గరగా చూడండి. నేను ఒక దాన్ని అక్కడే నేల మీద, పక్క వెలుగులో గంటసేపు తీశాను. పోగు పోగుకూ ముడి ఉంది. గోపురం లోపలి గోడకు ఎండిన బంకమట్టి ముద్దలు అంటించి ఉన్నాయి. ఒక ముద్ద మీద ముక్కుతో ఒత్తిన సన్నటి గీత ఇంకా చెరిగిపోలేదు. ఫోన్‌తో తీసిన ఆ గీత ఫొటో మా ఇంటి గోడ మీద ఉంది. చెట్టుకే మిగిలిన పాత గూళ్లలో మునియా అనే చిన్న పిట్టలు కాపురం పెడతాయి, వాటిని తెంపకండి.

ఆరుద్ర పురుగు

తొలకరి పడిన మర్నాడు పొద్దున ఎర్ర నేలలో, గడ్డి అంచుల్లో చూడండి. ఎర్రటి మఖమల్ గుండీల్లా నడుస్తుంటాయి. ఎనిమిది కాళ్లుంటాయి, కాబట్టి నిజానికి ఇది సాలీడుకు చుట్టం. ఏడాదిలో కొద్ది రోజులే బయటికి వస్తుంది, ఎండ ముదిరితే మళ్లీ మట్టిలోకి పోతుంది. ఫోన్ చాలు. బోర్లా పడుకుని లెన్సును నేలకు ఆనించండి. ఎరుపు తొందరగా ముద్దకట్టేస్తుంది కాబట్టి స్క్రీన్ మీద వేలు పెట్టి వెలుగును రెండు మూడు గీతలు తగ్గించండి, అప్పుడే ఒంటి మీది నూగు కనిపిస్తుంది. చేతిలోకి తీసుకుని తీయకండి. తడి మట్టి రేణువుల పక్కన ఉంటేనే దాని సైజు, దాని ఎరుపు తెలుస్తాయి.

నేను చేసిన తప్పు

ఒక మే నెలలో ఎండిన శిఖం అంచున తీతువు గుడ్లు కనిపించాయి. గులకరాళ్ల మధ్య గులకరాళ్లలా నాలుగు. తల్లి నా మీద పడేలా అరుస్తూ తిరుగుతోంది. ఆ అరుపును మనవాళ్లు అపశకునం అంటారు, నాకు మాత్రం అది మంచి ఫొటో అనిపించింది. తల్లి వచ్చి కూర్చుంటుందని 40 నిమిషాలు అక్కడే ఉన్నాను. అది రాలేదు. కొంచెం దూరంలో నీళ్లలో పొట్ట తడుపుకుని రావడం, నన్ను చూసి వెనక్కి వెళ్లడం. అలా నాలుగుసార్లు. తీతువు పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్లను చల్లబరుస్తుందని తర్వాత చదివాను. నేను ఆనందంగా ఫోకస్ సరిచేసుకుంటున్నంతసేపూ ఆ గుడ్లు ఎండలో కాలుతున్నాయి. రెండు రోజుల తర్వాత దూరం నుంచి చూస్తే అక్కడ పిట్ట లేదు. కారణం నేనేనా, కుక్కలా, తెలియదు. ఆ ఫొటోలన్నీ చెరిపేశాను.

అప్పటి నుంచి పాటిస్తున్నది ఇది: పిట్ట అరుస్తోందంటే నన్ను పొమ్మంటోందని అర్థం. ఒక్క నిమిషం కూడా ఆగకుండా వచ్చిన దారినే వెనక్కి నడుస్తాను. గూడు ఎక్కడుందో ఎవరికీ చెప్పను, ఫొటో పెట్టేటప్పుడు ఫోన్లో లొకేషన్ తీసేస్తాను.

పాలపిట్ట విషయంలోనూ ఒక మాట. దసరాకి దాన్ని చూడాలని అందరికీ ఉంటుంది. పంజరంలో పెట్టి తెచ్చి చూపిస్తామనే వాళ్లకు డబ్బులివ్వకండి, దాన్ని పట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పొలాల పక్కన కరెంటు తీగల మీద చూస్తే చాలాసార్లు కనిపిస్తుంది. కూర్చున్నప్పుడు కొంచెం బూడిద రంగే, పురుగు కోసం కిందికి దూకినప్పుడు రెక్కల్లో నీలం విప్పుకుంటుంది. మళ్లీ అదే తీగ మీదికి వస్తుంది కాబట్టి మొదటిసారి తప్పినా ఆగండి.

ఇంటికొచ్చాక

ఆ రోజే కార్డు ఖాళీ చేయండి, కానీ ఆ రోజే ఏరకండి. కష్టపడి తీసిన ఫొటో ఆ పూట బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. వారం ఆగి చూస్తే తేడా తెలుస్తుంది. నేను 300 తీస్తే నాలుగో ఐదో ఉంచుతాను. ఎడిటింగ్‌లో వెలుగు, కాంట్రాస్ట్, కొంచెం క్రాప్, అంతే. ఆకుపచ్చను మరీ పచ్చగా చేయకండి. మే నెల చెరువు బూడిద రంగులో ఉంటుంది, అలాగే ఉండనివ్వండి. ఫోల్డర్లకు తేదీతో పాటు కార్తె పేరు పెట్టండి, రెండేళ్ల తర్వాత అదే మీ చెరువు చరిత్ర.

ఏడాదికి పది ఫొటోలైనా ప్రింటు వేయించండి. గిజిగాడి ఫొటో ఒకటి, ఆ ఈత చెట్లు గీసే అన్నకు ఇచ్చాను. చాలాసేపు చూసి, "ఇది మూడో చెట్టు, బావి దిక్కు కొమ్మ" అన్నాడు. నిజమే. తర్వాత, "పిట్టలనే తీస్తవా సారూ, నన్ను తీయవా" అని అడిగాడు. ఈత గీత చలికాలం పని. తెల్లవారకముందే చెట్టెక్కి కుండ దించుతాడు, ఆ టైంలో చెరువు మీద పొగమంచు ఉంటుంది. వెలుగు తక్కువ కాబట్టి ఐఎస్ఓ 3200 పెట్టాలి, మంచు తెల్లదనానికి ఎక్స్‌పోజర్ ప్లస్ 1 ఉండాలి. తూర్పు వెలుగు చెట్టు వెనక వచ్చేలా తూము దగ్గర నిలబడాలి. వచ్చే మంగళవారం ఐదింటికి రమ్మన్నాడు.